పురానాపుల్ వంతెన చరిత్రము

మన వృత్తులకు సంబంధించిన చారిత్రక విషయ మొకటి వ్రాసి పంపవలసినదని సంచిక కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. ఉట్నూరులో చిరకాలము పిల్లలకు పాఠములు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి గొని, సంస్కృత గ్రంథములతో ప్రొద్దు పుచ్చుచున్న నాకు దేవాలయ శిల్పమును గూర్చి వ్రాయుటయే సులభము. కాని దేవాలయములను గూర్చి ఎవరో యొకరు వ్రాయుచునే యున్నారు. వంతెనను తలపెట్టినవారు అరుదు. కావున నేను వంతెనను ఎన్నుకొంటిని.

వంతెన విలువ మా ఉట్నూరు ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. శ్రావణ భాద్రపదములలో కొండవాగులు పొంగెనా, గూడెములకును ఊరికిని సంబంధము తెగిపోవును. పురిటినొప్పులు పడుచున్న స్త్రీని మంచముపై మోసికొని వచ్చి, నీరు తీయువఱకు వాగు గట్టున కూర్చున్న బంధువులను నేను కన్నులార చూచితిని. వానకాలమున నా హాజరుపట్టీలో సగము పేర్ల కెదురుగా సున్నలే యుండెడివి. "ఏమిరా, నిన్న రాలేదేమి?" యని అడిగిన, "వాగు వచ్చింది సారూ" అనెడివారు. దానికి మాఱు పలుక నాకు నోరాడెడిది కాదు.

నేను హైదరాబాదు నగరమును మొదటిసారి చూచినది 1970 దశకమున, మా తండ్రిగారితో. ఆయన వడ్రంగి. నిర్మల్ దాటిన పిమ్మట సోన్ వద్ద నిజాము నాటి పాత వంతెన మీద బస్సు గోదావరిని దాటుచుండగా ఆయన కిటికీలోనుండి తల బయటకు పెట్టి క్రిందికే చూచుచుండిరి. నగరమున మాకు బంధువులున్న వీధి కార్వాను ప్రాంతమునకు దగ్గఱ. మఱునాటి యుదయమున ఆయన నన్ను వెంటబెట్టుకొని పోయి ముచికుందా నది మీది పురానాపుల్‌ను చూపించిరి. అప్పుడాయన పలికిన మాట యొకటి నాకు నేటివఱకు మఱపునకు రాలేదు. దానిని తగినచోట చెప్పెదను.

ముందుగా పేరును గూర్చి రెండు మాటలు. మనవారు పలువురు దీనిని "పురాణపు పుల్లు" అందురు. విని నవ్వువారును గలరు. కాని హిందుస్తానీలోని "పురానా" యను పదము సంస్కృత "పురాణ" శబ్దమునుండి వచ్చినదే గదా. పాతది యని అర్థము. "పుల్" ఫారసీ మాట. సంస్కృతమున వంతెనకు "సేతువు" అందుము. బంధించుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినదిది. రెండు గట్టులను కట్టివైచునది గనుక సేతువు. తెలుగున "వారధి" యని కూడ వాడుచున్నాము గాని, "వారిధి" యన్న సంస్కృతమున సముద్రము. సముద్రమునకు కట్టినదానికి సముద్రము పేరే యెట్లు వచ్చినదో, ఆ చర్చ వైయాకరణులకు విడిచెదను. మన సంఘమువారికి సేతువు పేరు చెప్పగానే వాల్మీకి రామాయణములోని నలుడు తలపునకు వచ్చును. అతడు విశ్వకర్మ కుమారుడని ఆదికవి చెప్పెను. వానరులు కొండలు మోసిరి. కట్టు నేర్పు నలునిది. ఆ కథలో ఆ నేర్పరి పేరు నిలిచినది. పురానాపుల్ విషయమున అట్లు జరుగలేదు. ఈ వ్యాసమునకు మూలము ఆ లోపమే.

ఈ వంతెనను కట్టించిన ప్రభువు గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాహ్. సంవత్సరము 1578. అప్పటికి హైదరాబాదు నగరము లేదు, చార్మినారు లేదు. అవి 1591 నాటివి. ఊరు పుట్టుటకు పదమూడేండ్లు ముందుగా వంతెన పుట్టినది. లోకమున ఊరు పెరిగిన పిమ్మట వంతెన కట్టుట సామాన్యము. ఇచ్చట వంతెన దారి చూపగా ఊరు దాని వెంట నది దాటినది. గోలకొండ కోట జనముతో క్రిక్కిఱిసి, నీటికి కటకటపడు కాలమున దక్షిణపు గట్టునకు రాతి బాట యొకటి సిద్ధముగా నుండుట వలననే మహమ్మద్ కులీ తన క్రొత్త రాజధానిని ఆవలి గట్టున నిలుపగలిగెనని నా యభిప్రాయము.

ఇబ్రహీమును గూర్చి తెలుగువారు కొంత ఎక్కువగా తెలిసికొనవలెను. అన్న జంషీదునకు వెఱచి ఇతడు విజయనగరమునకు పాఱిపోయి, అళియ రామరాయల యండన ఇంచుమించు ఏడు సంవత్సరము లుండెను. అచ్చట తెలుగు రుచి మరిగెను. 1550లో గోలకొండ సింహాసన మెక్కిన పిదప తెలుగు కవులను పోషించెను. మన కవులు ఇతని పేరును తమ నోటికి అనువుగా తిప్పుకొని "మల్కిభరాముడు" అనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఇతనికే అంకిత మిచ్చెను. ఇతని కొలువులోని అమీన్‌ఖానునకు పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగున యయాతిచరిత్రమును వ్రాసి యిచ్చెను. హుస్సేన్‌సాగరు చెఱువును 1562 ప్రాంతమున త్రవ్వించినదియు ఇతడే. అయితే 1565లో తళ్లికోట వద్ద తనకు ఆశ్రయ మిచ్చిన రామరాయలకు ప్రతిపక్షమున నిలిచినవాడును ఇతడే. నీటిపనులు చేయించిన రాజని పొగడుచు ఈ సంగతిని దాచిపెట్టుట చరిత్ర వ్రాయువానికి తగదు. అతడు చేసిన మేలు వంతెనగా నిలిచినది. చేసిన కృతఘ్నత విజయనగర శిథిలములలో నిలిచినది. రెండును రాతిలోనే యున్నవి.

ఇక ఈ వంతెనకు తగిలించిన ప్రేమకథ. రాకుమారుడైన మహమ్మద్ కులీ ఆవలి గట్టున చిచలం గ్రామములోని భాగమతి యను నర్తకిని వలచి, వరదలో గుఱ్ఱముతో నదికి ఎదురీదెననియు, అది తెలిసి తండ్రి భయపడి కుమారుని కొఱకై ఈ వంతెన కట్టించెననియు జనులు చెప్పుకొందురు. కథ మధురముగనే యున్నది. కాని లెక్క వేసి చూడుడు. మహమ్మద్ కులీ 1565-66 ప్రాంతమున జన్మించెను. వంతెన పూర్తియైన 1578 నాటికి అతనికి పదుమూడేండ్లు నిండియు నిండని వయస్సు. ఇంత కట్టడము ఒక యెండకాలమున లేచునది కాదు గనుక, పని మొదలిడునాటికి అతడు ఇంకను చిన్నవాడు. నా బడిలో ఏడవ తరగతి చదువు పిల్లవానియంత వాడు! అట్టి బాలుడు అర్ధరాత్రమున ప్రేయసి కొఱకు వరద నీదెననుట నమ్మదగియున్నదా? భాగమతి యను స్త్రీయే చరిత్రలో లేదని హారూన్‌ఖాన్ షేర్వానీ వంటి చరిత్రకారులు వాదించిరి. ఆమె యుండిన నుండుగాక; వంతెనకు మాత్రము ఆమె కారణము కానేరదు. కార్వానులోని వర్తకులును, గోలకొండ వజ్రములును, సేనలును, ఎడ్లబండ్లును కారణము. ఇది చప్పనైన సమాధానమే. సత్య మొక్కొకప్పుడు చప్పగనే యుండును.

వంతెన పొడవు సుమారు 600 అడుగులు. వెడల్పు 35 అడుగులు. నదీగర్భమునుండి ఎత్తు 54 అడుగులని వ్రాయుదురు. కమానుల సంఖ్యను గూర్చి గ్రంథకర్తలు ఏకాభిప్రాయులు కారు. 22 అని కొందఱు, 23 అని కొందఱు. కమానులు పై కొస మొనదేఱి యుండును. దిమ్మెలకు ప్రవాహమున కెదురుగా ముక్కులవంటి కోణపు కట్టడములు గలవు. వరద వచ్చి దిమ్మెను మొగముపై కొట్టక, ఆ ముక్కు వద్ద రెండుగా చీలి కమానులలోనికి పోవును.

కమాను ఎట్లు నిలుచునో పిల్లలకు తెలియునట్లు చెప్పెదను. పెద్దలు క్షమింతురు గాక. మన కాకతీయుల గుడులలో స్తంభము మీద దూలము, దూలము మీద రాతిపలక. దూలపు రాయి ఎంత పొడవుండునో అంతే యెడము. ఎడము పెంచిన దూలము నడుమ పగులును. రాయి బరువును మోయగలదు గాని, వంగుటకు ఓర్వదు. కమానులో నట్లు కాదు. క్రింద సన్నముగా, మీద వెడల్పుగా చెక్కిన రాళ్ళను రెండు ప్రక్కలనుండి వంపుగా పేర్చుకొని వచ్చి నడినెత్తిన కడపటి రాతిని బిగింతురు. ప్రతి రాయియు క్రింద పడజూచును. ప్రక్క రాయి పడనీయదు. పడబోవుటయే నిలుచుటకు కారణమగును. పైని బరువు పెరిగినకొలది బిగువు పెరుగును. ఆ ఒత్తిడి యంతయు ప్రక్కలకు నెట్టుకొని పోయి ఒక కమానునుండి మఱియొక కమానునకు, కడకు గట్టుననున్న కట్టడములకు చేరును. నడుమ దిమ్మె యొకటి క్రుంగిన దాని యిరుప్రక్కల కమానులును పోవును. కావున చూపఱకు కనబడు కమానుల కంటె, కనబడని పునాదియే ముఖ్యము.

ఈ కమాను విద్య మనతో పుట్టినది కాదు. రోమకులు దీనిని మిక్కిలి వృద్ధి చేసిరి. దక్కనున బహమనీల కాలమునుండి ఫారసీ పద్ధతిని అనుసరించి వ్యాపించినది. మన శిల్పులు దానిని నేర్చుకొనిరి. నేర్చుకొనుట చిన్నతనము కాదు. పాలంపేట రామప్పగుడి కట్టిన 1213 నాటి చేతులకును, కమాను కట్టిన చేతులకును నడుమ మూడు నూఱుల యేండ్లకు పైగా ఎడమున్నది; ఉలి మాత్రము అదే.

ఇచ్చట మా తండ్రిగారి మాట. వంతెన క్రిందికి దిగి కమాను లోపలి వంపును చాల సేపు చూచి, ఆయన నా భుజముపై చేయి వేసి యిట్లనిరి: "బిడ్డా, ఈ రాయి కంటె ముందుగాల మన కట్టె నిలవడ్డది." నాకప్పు డర్థము కాలేదు. కడపటి రాయి బిగియువఱకు కమాను తనంత తాను నిలువజాలదు. అంతవఱకు ఆ రాళ్ళ బరువునంతటిని వంపు తిరిగిన కఱ్ఱచట్రము మోయవలెను. ఇప్పటి మేస్త్రీలు దీనిని సెంట్రింగు అందురు. ఆ చట్రము వంపు అంగుళము తప్పిన కమాను వంపు తప్పును. రాయి బిగిసిన పిమ్మట చట్రమును మెల్లగా దింపి తీసివేయుదురు. అది మఱియొక కమానునకు పోవును; కడకు పొయ్యిలోనికి పోవును. రాతిపనివాని పేరు పోయినను పని నిలిచినది. వడ్రంగికి పేరును లేదు, పనియును లేదు. ఆ వంపు మాత్రము రాతిలో మిగిలినది. మా తండ్రిగారు చూచినది దానినే.

వంతెనను పొగడిన పరదేశీయులలో ముఖ్యుడు తవెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు. అతడు పదునేడవ శతాబ్ది నడుమ గోలకొండకు వజ్రములకై వచ్చి, ఈ వంతెన అందమున పారిసు నగరములోని పోన్‌నఫ్ వంతెనకు ఇంచుమించు తీసిపోదని వ్రాసెను. ఇందొక వింత గలదు. పోన్‌నఫ్‌కు ఫ్రాన్సు రాజు మూడవ హెన్రీ శంకుస్థాపన చేసినది 1578 మే నెలలో. మన వంతెన పూర్తియైన యేటనే దానికి మొదటి రాయి పడినది! అది 1607 నాటికి గాని పూర్తి కాలేదు. మఱియొక వింత: ఫ్రెంచి భాషలో పోన్‌నఫ్ అనగా క్రొత్త వంతెన. నేడు పారిసులో సేన్ నది మీద నిలిచియున్న వంతెనలలో అదియే మిక్కిలి పాతది. వారి పాత వంతెన పేరు క్రొత్తది. మన దాని పేరు పుట్టిన కొన్ని యేండ్లకే కాక, మఱి వంతెనలు వచ్చిన పిదప పాతది యైనది. తవెర్నియే ఈ రెంటిని జోడించునప్పుడు ఈ సంవత్సర సామ్యము నెఱుగడనియే తోచుచున్నది.

1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొనెను. ఆసఫ్‌జాహీల కాలమున నగరమునకు ప్రాకారము పూర్తియైనది. ఆ ప్రాకారపు పదుమూడు దర్వాజాలలో నేటికి మిగిలినవి రెండే: దబీర్‌పురా దర్వాజా యొకటి, ఈ వంతెన కొసనున్న పురానాపుల్ దర్వాజా యొకటి. వంతెనకు 1820 ప్రాంతమున వరదవలన కీడు కలుగగా నిజాము సికందర్‌జాహ్ మరమ్మతు చేయించెను. 1831లో ఆలిఫెంటు దొర చాదర్‌ఘాటు వంతెనను కట్టెను. అఫ్జలుద్దౌలా కాలమున నయాపుల్ లేచెను. పందొమ్మిదవ శతాబ్ది చివర ముసల్లం‌జంగ్ వంతెన వచ్చెను. అన్నియు పురానాపుల్‌కు మనుమల వంటివి.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ముచికుంద పొంగినది. పైనున్న పరీవాహ ప్రాంతములో 788 చెఱువులుండగా వానిలో 221 తెగెను. ఒక చెఱువు నీరు రెండవ చెఱువు కట్టను త్రెంపగా, ఆ రెండును కలిసి మూడవదానిపై పడెను. సుమారు పదునైదు వేల మంది మరణించిరి. పందొమ్మిది వేల ఇండ్లు కూలెను. అఫ్జల్‌గంజులోని యొక చింతచెట్టు నెక్కి నూటయేబది మంది బ్రదికిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి యావరణములో నున్నది. ఉర్దూ రుబాయీల కవి అంజద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతును ఆ నీటిలోనే పోగొట్టుకొనెను. నయాపుల్, ముసల్లం‌జంగ్, చాదర్‌ఘాటు వంతెనలు వరద దెబ్బకు తెగిపోయెను. అన్నిటికంటె ముసలిదైన పురానాపుల్ నిలిచెను. 330 ఏండ్ల వంతెన! నగరపు రెండు భాగములను ఆనాడు కలిపి యుంచినది అదొక్కటే. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, ఆయన సూచన ననుసరించి ఎగువన 1920 నాటికి ఉస్మాన్‌సాగరును, 1927 నాటికి హిమాయత్‌సాగరును నిర్మించిరి.

ఇక సంఘమువారు నన్నడిగిన ముఖ్య విషయమునకు వచ్చెదను. ఈ వ్యాసము వ్రాయుచున్నానని తెలిసి, కరీంనగరు వైపు పెద్దలొకరు నన్ను కలిసికొని, "పంతులుగారూ, ఈ వంతెనను మన పూర్వులే కట్టిరని స్పష్టముగా వ్రాయండి. మన పిల్లలు చదివి ఉప్పొంగుదురు" అనిరి. ఆయన వయస్సును, సంఘమునకు చేసిన సేవను ఎఱిగినవాడను గనుక వెంటనే కాదనజాలక పోయితిని. ఇంటికి వచ్చి రెండు దినములు ఆలోచించితిని. నేను చదివిన గ్రంథములలో ప్రభువు పేరున్నది. రాళ్ళను చెక్కినవారి పేరు ఒక్కటియు లేదు. వారు మనవారో, వడ్డెర సోదరులో, ఫారసు దేశమునుండి వచ్చిన మేస్త్రీలో, లేక అందఱును కలిసి చేసిరో తేల్చుటకు ఆధారము లేనప్పుడు, మనవారే యని వ్రాయుట అబద్ధము. రేపు మఱియొక సంఘమువారు తమ సంచికలో ఇట్లే వ్రాసికొన్నచో మనమేమందుము?

నేను చెప్పగలిగినది ఇంతే. ఏ రాతి వంతెనకైనను గనిలో రాయి పగులగొట్టువారు కావలెను. ఆ పని దక్కనున వడ్డెరలది. ఉలులకు, గునపములకు పదును పెట్టు కమ్మరి కావలెను. రాతిమీద పనిచేయు ఉలి పూటపూటకు మొండిబాఱును గనుక కొలిమి పని దగ్గఱనే రగులుచుండవలెను. చట్రమునకు వడ్రంగి కావలెను. చెక్కుటకు శిల్పి కావలెను. సున్నము కాల్చువారు, గానుగ ఆడించువారు, నీరు మోయు స్త్రీలు కావలెను. వీరిలో మన పంచవృత్తులవారు లేకుండ పని జరుగదు; మనవారు మాత్రమే యుండినను జరుగదు. ఇది చదివి ఆ పెద్దలు నాపై కినుక వహింపరని నమ్మకము. వహించినను, ఆయన యింటి భోజనమునకు నన్ను పిలువక మానరని యంతకంటె గట్టి నమ్మకము!

గతించినవారి పేర్లను మనము తేజాలము. ఇప్పటివారి పేర్లు మాత్రము మన చేతిలో నున్నవి. మా ప్రాంతమున వాగుల మీద కట్టిన చిన్న చిన్న వంతెనలకు శిలాఫలకములు గలవు. వానిపై ప్రారంభించినవారి పేర్లుండును. మేస్త్రీ పేరు నేను ఒక్కదానిపైనను చూడలేదు. మన జిల్లాలో గుడి, బడి, వంతెన ఏది కట్టినను, పని చేసిన మేస్త్రీల, వడ్రంగుల, కమ్మరుల పేర్లను కులభేదము లేకుండ ఒక పుస్తకములో వ్రాసి యుంచు పనిని సంఘము పూనుకొన్నయెడల, మొదటి పుస్తకపు ఖర్చు నా పింఛనునుండి ఇచ్చుకొందును. పోషక మహాశయులు మహాసభలో ఈ సంగతిని ఆలోచింపవలెనని ప్రార్థన.

ఈ వ్యాసము మొదలిడుటకు ముందు నేను మఱల పోయి పురానాపుల్‌ను చూచితిని. వాహనములకు ప్రక్కన క్రొత్త వంతెన యున్నది. పాతదాని మీద కూరగాయల యంగడి. వంకాయలు, టమాటలు, కొత్తిమీర కట్టలు గోనెసంచుల మీద పఱచుకొని స్త్రీలు కూర్చుండియున్నారు. క్రింద నది మురికితో నల్లబాఱి పాఱుచున్నది. ముచికుంద యను పేరు పెట్టినవారు చూచిన కన్నీరు పెట్టుకొందురు. పిట్టగోడ రాళ్ళ సందులలో రావి మొలకలు లేచినవి. వానిని ఇప్పుడు పెఱికివేయుట ఒక కూలివాని పూట పని. ఇరువదేండ్లు విడిచిపెట్టిన వేళ్ళు రాళ్ళనే ప్రక్కకు నెట్టును. నేను వంగి రెండు రాళ్ళ నడుమ అతుకును వ్రేలితో తడవి చూచుచుండగా, అంగడి నడుపుచున్న ముసలామె తన బుట్టను ప్రక్కకు జరిపి, "ఏం పోయింది సారూ, ఏం దేవులాడుతున్నవ్?" అని అడిగినది. మా తండ్రిగారిని గూర్చి ఆమెకు ఎక్కడనుండి మొదలుపెట్టి చెప్పుదును? పావుసేరు పచ్చిమిరపకాయలు కొని, వచ్చితిని.